పదహారేళ్ల తర్వాత అదే హాలులో

మే 29 దగ్గర పడుతోందంటే సంగీతం గురించి రాసేవాళ్లకు పారిస్ గుర్తొస్తుంది. 1913లో ఆ రాత్రి షాంజెలిజే థియేటర్‌లో ఈగోర్ స్ట్రావిన్‌స్కీ బాలే ‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’ తొలి ప్రదర్శన. ఈలలు, కేకల్లో వాద్యాలు వినపడక, నృత్యం కూర్చిన నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి నర్తకులకు లెక్క అరిచి చెప్పాడట. ఆ రభస అందరూ రాసేదే. నాకిష్టమైంది పదహారేళ్ల తర్వాతి ముచ్చట.

ముందు, స్వరకర్తలే తమ సంగీతాన్ని నడిపించిన పాత కథ రెండు ముక్కల్లో. పద్నాలుగో లూయీ ఆస్థాన స్వరకర్త లల్లీ, కర్రతో నేల మీద తాళం వేస్తూ సొంత కాలివేలునే పొడుచుకున్నాడు. అది కుళ్లి 1687లో పోయాడు. సొంత సంగీతాన్ని తానే నడిపించడం అంత క్షేమం కాదన్నమాట! తర్వాత రెండు శతాబ్దాలు స్వరకర్త తన సంగీతాన్ని ఎలా నడిపించాడో చెప్పడానికి కాగితమే సాక్ష్యం. చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ రంగస్థలమెక్కిన 1877లోనే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ పుట్టినా, చైకోవ్‌స్కీ స్వయంగా నడిపించిన బాలే సంగీతమేదీ మనకు రికార్డుగా మిగల్లేదు.

ఇక 1929 మే. అదే థియేటర్. 1913లో వాద్యబృందాన్ని నడిపించింది పియరీ మోంతో. ఈసారి స్ట్రారామ్ వాద్యబృందం ముందు స్వయంగా స్ట్రావిన్‌స్కీ. కొలంబియా వాళ్ల రికార్డింగు. 78 ఆర్‌పీఎం ప్లేటుకు ఒక్కో వైపు నాలుగు నిమిషాలు పడితే గొప్ప. అరగంట దాటే బాలేని ఆ కొలతకు ముక్కలు చేశారు. మైనం మీద గాడి పడ్డాక దిద్దుబాట్లుండవు. ఆఖరి క్షణంలో ఒక బూర అపస్వరం పలికితే ఆ వైపంతా మళ్లీ మొదటికే. వాయించాల్సిన సంగీతమూ సులువు కాదు. బసూన్ అనే గాలివాద్యం తన మామూలు స్థాయి వదిలేసి, సన్నాయిలా పైకెక్కి మొదలుపెడుతుంది. చివరి బలి నృత్యంలో అడుగడుగునా తాళం మారుతుంటే, వాద్యగాళ్లు ఒకరి వెంట ఒకరు పరుగెడుతున్నట్టే ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, స్ట్రావిన్‌స్కీ తన వేగాలు ఇవీ అని ఇతర కండక్టర్లకు ప్లేటు మీద చూపించడానికి. తీరా అదే ఏడాది, అదే ఊళ్లో మోంతో కూడా ఇదే బాలేని రికార్డు చేశాడు!

ఆపైన కథ చిందరవందర. 1940లో న్యూయార్క్‌లో స్ట్రావిన్‌స్కీయే మళ్లీ రికార్డు చేశాడు. అదే ఏడాది డిస్నీ ‘ఫాంటాసియా’ ఈ సంగీతానికి డైనోసార్లను నడిపించింది. 1943లో బలి నృత్యాన్ని తిరగరాశాడు. 1960లో స్టీరియోలో మూడోసారి. వేగాలు నిర్ణయిస్తానన్న మనిషి మూడు రికార్డుల్లో మూడు రకాలుగా నడిచాడు. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలు గాయని కేసర్‌బాయి కేర్కర్ భైరవితో పాటు మోసుకెళ్లింది ఆ మూడోదానిలోని బలి నృత్యాన్నే. గ్రహాంతరవాసులకు శుభ్రమైనదే పంపాలనుకున్నారేమో. నన్నడిగితే ఓటు 1929 ప్లేటుకే. ఆ పారిస్ వాద్యగాళ్లకు ఈ తాళాలు ఇంకా అలవాటు కాలేదు.