వెనుక వరుసలో ఎవరిని వదలుకొనవలెను?

నెల్లూరు సీమకు దక్షిణపు కొన తడ. తూర్పున పులికాటు సరస్సు. ఊరిని ఒరసికొని చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్ద బాట. ఈ సీమలో పశువుల లక్షణము లెరిగిన కాపును సమీపించి, “కొట్టములో రెండు కోడెలున్నవి, ఒకదానిని అమ్మక తీరదు, దేనిని అమ్ముదువు?” అని అడిగినచో అతడు వెంటనే బదులు చెప్పడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, మూపురము తడవి చూచును; తుదకు తన పొలమువంక చూచును. ఏ కోడె మేలైనదో తెలిసికొనుట సగము విషయమే. ఏది పోయినను తన కాడి ఆగకుండునో తెలిసికొనుట తక్కిన సగము. ఆ రెండవ సగమును మరచినవాడు మంచి ధర పొందియు, ఏరువాకనాడు పొరుగువాని గుమ్మమున నిలువవలసి వచ్చును.

క్రీడారంగమున జట్లను నడపువారికిని ఇట్టి చిక్కే కలదు. జట్టులో ముగ్గురు నలుగురు పడుచు రక్షకులు ఎదిగి వచ్చుచుందురు. ముందు వరుసలో కొరత యుండును, లేదా పెట్టెలో ధనము తరిగి యుండును. అప్పుడు ఒక రక్షకుని పరుల కిచ్చి కావలసినది తెచ్చుకొనవలెను. ఎవరి నిచ్చుట? గోలు కొట్టువాని విలువ లెక్కకు అందును. రక్షకుని విలువ అట్లు అందదు. అతడు చక్కగా ఆడినచో జరుగవలసిన ప్రమాదము జరుగదు. జరుగని దానిని లెక్కించువారు అరుదు. పైగా ఎదుటివాని ఎత్తు ముందుగా పసికట్టు నేర్పు ఏండ్లమీద గాని పట్టుబడదు గనుక, రక్షకుడు ఆలస్యముగా పక్వమునకు వచ్చును. కావున ఇరువదియేండ్ల వానిని ఇచ్చివేయుటలో పొరపాటునకు చోటు మెండు.

ఈ బేరములు మిక్కిలిగా సాగునది అమెరికా, కెనడా దేశముల మంచుమీది హాకీలో. అచ్చట ఆటగానికి బదులు ఆటగానిని మార్చుకొనుట నిత్యకృత్యము. హార్ట్‌ఫర్డ్ నగరపు జట్టు 1993లో క్రిస్ ప్రాంగర్ అను నిడుపాటి రక్షకుని ఎన్నుకొనెను. రెండేండ్లు తిరిగిన వెంటనే, 1995 జూలైలో, ఇరువది యేండ్ల ఆ యువకుని సెయింట్ లూయిస్ జట్టున కిచ్చి, పేరెన్నికగన్న గోలుకాడు బ్రెండన్ షానహాన్‌ను తెచ్చుకొనెను. షానహాన్ గొప్ప ఆటగాడే. కాని అతడచట నిలువదలచలేదు. 1996 అక్టోబరులో డెట్రాయిట్‌కు తరలిపోయెను. 1997లో జట్టే హార్ట్‌ఫర్డ్‌ను విడిచి ఉత్తర కరోలినా రాష్ట్రమునకు వలసపోయెను. ప్రాంగర్ మాత్రము 2000వ సంవత్సరమున ఉత్తమ రక్షకునికిచ్చు బహుమతిని, లీగు అంతటికిని విలువైన ఆటగానికిచ్చు బహుమతిని ఒక్కసారే అందుకొనెను.

దీనికి మారుగా నాష్‌విల్ జట్టు కథ చూడుడు. 2016 జనవరి 6న ఆ జట్టు ఇరువదియొక్క యేండ్ల సెత్ జోన్స్‌ను కొలంబస్ జట్టున కిచ్చి, మధ్యస్థానమున ఆడు రయాన్ జొహాన్‌సెన్‌ను తెచ్చుకొనెను. జోన్స్ తక్కువవాడు కాడు; ముందు ముందు మేటి యగునని అందరును తలచినవాడే. అయినను ఆనాడు నాష్‌విల్ కొట్టములో వెబర్, యోసి, ఎక్‌హోల్మ్, ఎలిస్ అను నలుగురు సమర్థులైన రక్షకులు వేరుగా నుండిరి. మరుసటి సంవత్సరము, 2017లో, ఆ జట్టు స్టాన్లీ కప్పు తుదిపోటీవరకు పోయి పిట్స్‌బర్గ్ చేతిలో ఓడెను. రెండు బేరములలోను అమ్ముడుపోయినవాడు మెరికయే. నాష్‌విల్‌లో అతని వెనుక నలుగురున్నారు. వచ్చినవాడు కొన్నియేండ్లు నిలిచినాడు. హార్ట్‌ఫర్డ్‌లో ఆ నిలుకడ లేకపోయినది.

ఈ కొలకఱ్ఱను మన దేశమునకు తెచ్చి చూతము. మన తెలుగునాట ఇట్టి ప్రశ్న పుట్టినది హైదరాబాదు ఫుట్‌బాలులో. ఆ ఆటలో వెనుక వరుస ప్రక్కల ఆడు రక్షకుని ఫుల్‌బ్యాక్ అందురు.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదున బడిపంతులు. 1950నుండి 1963 జూన్ 11న మరణించువరకు ఆయన సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు. 1950 మొదలు 1954వరకు వరుసగా అయిదేండ్లు ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు గెలిచెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందెను. ఇంతటి ఫలమునకు మూలము ఆయన పిల్లలకు పెట్టిన చిత్రమైన పోటీలు. ఒక పోటీలో బంతిని కాలివెంట నడుపుకొని పోరాదు. అందిన వెంటనే తోడివానికి అందింపవలెను. మరియొకదానిలో అలవాటులేని కాలితోనే తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలితో ఆడ నేర్చినచో జట్టున ఒకని చోట ఇద్దరు సిద్ధమగుదురు గదా!

ఆ దినములలో ఆటగాండ్రకు పెద్ద సంత కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అను మూడు పెద్ద సంఘములు హైదరాబాదు మైదానములమీద కన్నువేసి యుండెడివి. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరెను. తరువాతి దశాబ్దమున మహమ్మద్ హబీబ్ పోయెను. రక్షకులలో శ్రేష్ఠుడైన సయ్యద్ నయీముద్దీన్ పోయెను. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారత జట్టునకు ఈ నయీముద్దీనే నాయకుడు. ఆనాడు వీరిని ఎవరును బేరమాడి అమ్మలేదు. వీరే మంచి బ్రతుకు వెదకికొని పోయిరి. అయినను బలరామ్ పోయిన సంవత్సరముననే హైదరాబాదు వరుసగా రెండవసారి జాతీయ పోటీయగు సంతోష్ ట్రోఫీని గెలుచుకొనెను. ఒకడు పోయిన చోట నిలుచుటకు బడిలో మరియొకడు సిద్ధముగా నుండుటయే దీనికి కారణము.

రహీమ్ మనకు నేర్పిన మరియొక పాఠము జకార్తాలో కనబడును. 1962 ఆసియా క్రీడలలో పంజాబు వాడగు జర్నైల్ సింగ్ అను రక్షకునికి థాయిలాండ్‌తో ఆడునపుడు తల పగిలి కుట్లు పడినవి. వెనుక నిలిపినచో బంతిని మాటిమాటికి తలతో ఎదుర్కొనవలసి వచ్చును. మరియొకరైనచో అతనిని తప్పించి యుందురు. రహీమ్ అతనిని ముందు వరుసకు పంపెను. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన తుదిపోటీలో భారతదేశము 2–1 గోలులతో గెలిచెను. ఆ రెంటిలో ఒకటి జర్నైల్ సింగ్‌దే. ఒకనిని వదలుకొనుటకు ముందు అతనిని వేరొక చోట నిలిపి చూచితిమా యని తరచి చూడవలెనని దీని తాత్పర్యము.

రహీమ్ పోయిన తరువాతను ఆ చలువ కొన్నాళ్లు నిలిచినది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచినది. ఆ తరువాత ఆ కప్పు మన ఇంటికి రాలేదు. ఆటగాండ్రు కలకత్తాకు పోవుట ఆగలేదు. వారి చోట నిలుచువారు రానురాను తగ్గిరి.

ఇట్లు ఆ ఖ్యాతి మాసిన పిదప, 2019లో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్ ఏర్పడి ఇండియన్ సూపర్ లీగున చేరెను. మొదటి యేట చివరి స్థానము. స్పెయిను దేశపు శిక్షకుడు మనోలో మార్కెజ్ వచ్చిన తరువాత ఆ జట్టు పడుచువాండ్రను నమ్మి ఆడెను. కుడిప్రక్క సిక్కిం వాడగు ఆశిష్ రాయ్, 1999లో పుట్టినవాడు. ఎడమప్రక్క ఉత్తరప్రదేశ్ వాడగు ఆకాశ్ మిశ్రా, 2001లో పుట్టినవాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానమున కేరళ జట్టుతో తుదిపోటీ 1–1గా ముగియగా, పెనాల్టీలలో హైదరాబాదు 3–1గా గెలిచెను. గోలుకీపరు కట్టిమణి మూడు తన్నుల నాపెను. చాలకాలమునకు ఒక దేశపు పెద్ద కప్పు మరల హైదరాబాదు పేర నిలిచినది.

విజయము వెంట కొనువారు వచ్చిరి. ఆ లీగున 2021–22నుండి మైదానముమీద విదేశీయులు నలుగురికి మించరాదని నియమము. తక్కిన ఏడుగురు భారతీయులే కావలెను గనుక, మంచి భారతీయ ఫుల్‌బ్యాక్ బంగారమువలె అరుదు. 2022లో ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు పోయెను. కలకత్తా సంత మరల తెరచుకొన్నది! అప్పుడు మార్కెజ్ చేసినది రహీమ్ పంతులు మెచ్చుకొనదగినది. ముందు వైపున రెక్కమీద ఆడు నిఖిల్ పూజారిని వెనుకకు తెచ్చి కుడి ఫుల్‌బ్యాక్‌గా తీర్చెను. 2022–23లో జట్టు లీగున మరల రెండవ స్థానమున నిలిచినది; సెమీ ఫైనలులో మోహన్ బగాన్ చేతిలోనే పెనాల్టీలపై ఓడినది. ఒక్కనిని ఇచ్చి నిలద్రొక్కుకొనుట సాధ్యమని ఆ యేడు ఋజువైనది. ఇద్దరిలో ఇరువదియేండ్ల వానిని నిలుపుకొని, ఇరువదిమూడేండ్ల వానిని ఇచ్చుటయు కాపు లెక్కకు సరిపోయినదే.

అయితే 2023లో ఆకాశ్ మిశ్రాయు ముంబయి జట్టునకు పోయెను. శిక్షకుడు గోవాకు పోయెను. ఈమారు వెనుక నిలుచువారు లేరు. జీతముల బకాయిలపై వచ్చిన ఫిర్యాదులవలన అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా, క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ఆ క్లబ్‌పై నిషేధము విధించెను. అమ్మినవాని చోట మరియొకనిని తెచ్చుకొను దారియు మూసికొనిపోయినది. 2023–24లో ఇరువదిరెండు ఆటలలో ఒక్కటే గెలిచి, ఎనిమిది పాయింట్లతో అందరికంటె అడుగున నిలిచినది. ఆ యేడే మిశ్రా చేరిన ముంబయి జట్టు కప్పు గెలిచినది. 2025లో క్లబ్ హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలి, పేరు మార్చుకొన్నది. హార్ట్‌ఫర్డ్ కథ మన గడ్డమీద మరల నడచినట్లయినది.

ఒక ఫుల్‌బ్యాక్ పోయినందుననే ఇంతయు జరిగినదని మేము చెప్పము. అప్పులు కుంగదీసిన సంసారమును ఏ కోడెయు నిలుపలేదు. కాని వదలుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు మూడు కలవని ఈ చరిత్రవలన తేలుచున్నది. పోవువాని వెనుక ఎవడున్నాడు? వచ్చునది, మనిషియైనను ధనమైనను, మనయొద్ద నిలుచునా? ఆ ధనము రేపటి కుర్రవానిని పెంచుటకు పోవునా, నిన్నటి అప్పు తీర్చుటకు పోవునా? ఈ మూటికి తృప్తికరమైన సమాధానమున్నచో ఎవరిని పంపినను జట్టు బ్రతుకును. లేనిచో, ఇద్దరిలో ఎవరు మేలని ఎంత తర్కించినను ప్రయోజనము స్వల్పము.

తెలుగునాట మొదటి ప్రశ్నకు సమాధానము క్లబ్ కచేరీలలో దొరకదు. రహీమ్ దానిని బడి ఆవరణలో వెదకెను. ఎడమకాలి పోటీ పెట్టుటకు కావలసినది ఒక బంతి, చదునైన కొంత నేల, సాయంకాలము ఒక గంట సేపు నిలుచు ఉపాధ్యాయుడు. ఈ మూడును హైదరాబాదునకే పరిమితములు కావు. తడ బడిలోను దొరకును.