కార్డు మీది, కొన్నది ఎవరో: క్రెడిట్ కార్డు నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

అర్ధరాత్రి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. కొనని వస్తువుకు కార్డు నుంచి 18 వేలు కట్ అయినట్టు. పొద్దున్నే చూసుకుని 'తీరిగ్గా బ్యాంకుకెళ్లి అడుగుదాంలే' అనుకునేవాళ్లు చాలామంది. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి కేసుల్లో ఎవరు ఎంత భరించాలన్నది రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. తప్పు బ్యాంకుదైతే కస్టమర్ పైసా కట్టక్కర్లేదు. తప్పు ఇద్దరిదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగితే, అంటే ఏదో షాపింగ్ సైటు నుంచి కార్డు వివరాలు లీకైతే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పినా బాధ్యత సున్నాయే. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత భరించాలి. 5 లక్షల వరకు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు అది గరిష్ఠంగా 10 వేలు, అంతకు మించిన లిమిట్‌కు 25 వేలు. ఏడు రోజులూ దాటాయా, ఇక ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. మెసేజ్ అందిన రోజును మాత్రం లెక్కలో కలపరు.

ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాకు జమ చేయాలి, 90 రోజుల్లో విషయం తేల్చాలి. తప్పు కస్టమర్‌దేనని అంటే, నిరూపించాల్సింది కూడా బ్యాంకే. కౌంటర్ దగ్గర ఈ సంగతి అడిగితే తప్ప చెప్పేవాళ్లు తక్కువ.

ఓటీపీ చెప్పేస్తే మాత్రం కథ మారిపోతుంది. 'కేవైసీ అప్‌డేట్', 'రివార్డ్ పాయింట్లు' అంటూ ఫోన్ చేసినవాడికి నంబర్ చదివి వినిపిస్తే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా కస్టమర్ నెత్తినే. ఫిర్యాదు తర్వాత పోయేది బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది. కాబట్టి మోసపోయామని సిగ్గుపడి ఇంట్లో దాచినకొద్దీ బిల్లు పెరుగుతుంది.

మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు రెండో ధ్రువీకరణ 2009 ఆగస్టు నుంచే తప్పనిసరి. అయితే కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. కార్డు నంబర్, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ ఉంటే చాలు. అందుకే విదేశాల్లో కొనే పనిలేనివాళ్లు బ్యాంకు యాప్‌లో 'ఇంటర్నేషనల్' ఆప్షన్ ఆఫ్ చేసేయాలి. ఆన్‌లైన్ వాడకాన్ని, లిమిట్‌ను కూడా అక్కడే మార్చుకోవచ్చు. 2020లో వచ్చిన సౌకర్యం ఇది, చాలామంది ఆ పేజీ తెరిచి కూడా చూసి ఉండరు.

2022 అక్టోబర్ నుంచి షాపింగ్ సైట్లు అసలు కార్డు నంబర్ దాచుకోకూడదు. దాని బదులు టోకెన్ అనే వేరే నంబర్ ఉంటుంది. సైటు హ్యాక్ అయినా దొంగకు కార్డు నంబర్ దొరకదన్నమాట.

డెబిట్ కార్డుతో పోలిస్తే ఇంకో తేడా ఉంది. అందులో పోయేది జీతం డబ్బే, ఆ నెల అద్దె ఆగిపోతుంది. క్రెడిట్ కార్డులో ముందు పోయేది బ్యాంకు సొమ్ము, బిల్లు కట్టేలోపు అభ్యంతరం చెప్పే వీలుంటుంది.

డబ్బు పోయిందని తెలియగానే యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, కార్డు వెనకున్న నంబర్‌కు ఫోన్ చేయాలి. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోవాలి, మూడు రోజుల లెక్కకు అదే సాక్ష్యం. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పాలి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు.