ఆడు, ఆడించు

పోరాడు అన్న క్రియను విడదీస్తే పోరు, ఆడు అని రెండు ముక్కలొస్తాయి. కొట్లాటలోనూ ఆటే, వేటాడటంలోనూ ఆటే. నెలలు నిండిన తల్లి నీళ్ళాడుతుంది. మాటాడతాం, పెండ్లాడతాం. ఉక్కపోస్తే గాలాడదు, కరువొస్తే చేతిలో డబ్బాడదు. ఇన్ని అర్థాలకూ అడుగున ఉన్నది కదలిక అని నా నమ్మకం. పిల్లల ఆట అందులో ఒక రకం.

ఈ క్రియకు 'ఇంచు' చేరితే బరువు పెరుగుతుంది. అనంతపురం పల్లెల్లో చెనిక్కాయలు ఒలిచి గానుగాడిస్తారు. మరకు పోయి జొన్నలు ఆడించుకొస్తారు. పసిబిడ్డను ఒళ్ళో ఆడిస్తారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలను ఆడిస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ ఆడించే విద్యకే. ముద్దు చేయడం, పిండి నూనె తీయడం, తెర వెనక నుంచి చేయీ కాలూ కదిలించడం: మూడింటికీ మనకు ఒకటే మాట.

ఈ మూడర్థాలూ ఒకే పిల్లవాడి మీద ఎలా పనిచేస్తాయో చూడాలంటే 'ఎండర్స్ గేమ్' చదవాలి. ఆర్సన్ స్కాట్ కార్డ్ 1977లో కథగా అచ్చువేసి, 1985లో నవలగా పెంచాడు. నెబ్యులా, హ్యూగో పురస్కారాలు రెండూ దానికే వచ్చాయి. 2013లో సినిమా కూడా తీశారు గానీ, ఆ పిల్లవాడి తలలో జరిగేదంతా పుస్తకంలోనే ఉంది.

కథలో గ్రహాంతర జీవులు భూమి మీదికి రెండుసార్లు దండెత్తి వచ్చి పోయారు. తర్వాతి యుద్ధానికి సేనాని కావాలి. ఆ సేనానిని పసిపిల్లల్లో వెతుకుతున్నారు. ఆరేళ్ళ ఎండర్‌ను, అతన్ని ప్రాణంగా చూసుకునే అక్క వాలెంటైన్ నుంచి విడదీసి, అంతరిక్షంలోని యుద్ధపాఠశాలకు తీసుకుపోతారు. అక్కడ అసలు చదువు ఆటే. వస్తువులకు బరువు లేని పెద్ద గదిలో పిల్లల దళాలు తలపడుతుంటాయి. అలాంటి చోట పైనా కిందా ఉండవనీ, శత్రువు ద్వారం ఉన్న వైపును కింద అనుకుంటే ఎత్తుగడ అంతా మారిపోతుందనీ ఆ చిన్నవాడు కనిపెట్టే ఘట్టం చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. దాని వెనకే దిగులు. అధికారి గ్రాఫ్ అతన్ని తోటిపిల్లల ఎదుట మొదటిరోజే పొగుడుతాడు. ఆ పొగడ్తకే అందరూ అతన్ని దూరం పెడతారు. గ్రాఫ్‌కు కావలసిందీ అదే. బిడ్డ ఒంటరి అయితేనే పదునెక్కుతాడని అతని లెక్క.

మన కథల్లోనూ ఇలాంటి పిల్లలున్నారు. పల్నాటి బాలచంద్రుడి బొంగరం ఒక స్త్రీకి తగులుతుంది. ఆమె నిష్ఠూరమాడాక అతను ఆట వదిలి కారెంపూడి యుద్ధానికి పోతాడు. అతను పోయింది తనంతట తానే. అభిమన్యుడి సంగతి వేరు. వ్యూహం లోపలికి దారి తెలుసు, బయటికి తెలియదని అతను చెప్పినా, వెనకే మేమొస్తామని పెద్దలు మాటిచ్చి పంపారు. ఎండర్ ఈ రెండోవాడి వంశం.

బిడ్డలను ఇలా పంపడం కథల్లోనే కాదు. వాన ఎగ్గొట్టిన ఏడు మన ఊళ్ళలో చెనిక్కాయ పెట్టుబడి కూడా తిరిగిరాదు. ఇంట్లో బాగా చదివే బిడ్డ ఉంటే ఆశంతా ఆ బిడ్డ మీదే పెట్టి, అప్పు చేసి దూరపు హాస్టల్లో చేరుస్తారు. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. వాళ్ళది ప్రేమే. పొద్దున్నుంచి రాత్రి దాకా పరీక్ష మీద పరీక్ష పెట్టి, ర్యాంకులు గోడకు అంటించి, స్నేహితులను పోటీదారులుగా మార్చే చదువుల మీదే నా కోపం. ఆ బిడ్డలకు ఎండర్ తెలుసు, పేరే తెలియదు.

నవల ఇంగ్లీషు సులువు, ఇంటర్ పిల్లలు చదవగలరు. వాళ్ళకిచ్చే ముందు మీరూ చదవండి. ప్రతి అధ్యాయం మొదట్లో పెద్దవాళ్ళ సంభాషణ ఒకటి వస్తుంది, ఎవరు మాట్లాడుతున్నారో పేర్లుండవు. కథ మీది తొందరలో దాన్ని దాటేయకండి. ఆడించేవాళ్ళ గొంతు వినిపించేది అక్కడే. చివరి ఆట ఏమిటో మాత్రం నన్నడగొద్దు, అది ఎవరికి వారు చదివి తెలుసుకోవాల్సిందే.