వీధిబడులలో సహాధ్యాయ బోధనము

పరిశోధక విద్యార్థులలో ముందు చేరినవారు వెనుక చేరినవారికి దారి చూపు పద్ధతిని నేడు పలు విశ్వవిద్యాలయములు ప్రోత్సహించుచున్నవి. విద్యార్థి విద్యార్థికి బోధించుట మనకు క్రొత్త కాదు. తెలుగు వీధిబడులలో నిది నిత్యాచారముగా నుండెను. ఈ యాచారమునకును, ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి' యని పేరొందినదానికిని గల సంబంధమును, భేదమును పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర పాఠశాలకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు పర్యవేక్షకుడయ్యెను. దేశీయుల బడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, ఆ విధానమును తన పాఠశాలలో ప్రవేశపెట్టదలచెను. ఉపాధ్యాయులు సుముఖులు కాకపోగా, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునిచే చిన్నవారికి నేర్పించెను. 1797లో లండనులో నీ ప్రయోగమును గ్రంథముగా ప్రకటించెను. ఇసుకను దేశీయుల బడినుండి గ్రహించుట స్పష్టము. బాలునిచే బాలునికి బోధింపించుట మాత్రము తన యుపజ్ఞయే యని బెల్ వాదము.

దీనికి భిన్నమైన సాక్ష్యము బళ్లారినుండి లభించినది. గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిని గూర్చి వివరములు కోరగా, కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ 1823లో నివేదిక పంపెను. 1882 వఱకు అనంతపురము ఈ జిల్లాలోనిదే. ఇందలి 533 విద్యాస్థానములలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. విద్యార్థులు 6,641 మంది. పై విద్యార్థులు క్రిందివారికి బోధింపగా, గురువు అందఱిని కనిపెట్టియుండుననియు, ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించుట యుచితమే యనియు ఆయన ప్రశంసించెను. 1823 నాటి సాక్ష్యము 1789 నాటి స్వీకరణమును నిరూపింపజాలదు. కాని గ్రామగ్రామమున వ్యాపించిన యాచారము ఎగ్మూరు అనాథ పాఠశాలనుండి వచ్చినదనుట పొసగదు.

అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. పై లెక్క ప్రకారము బడికి సగటున పండ్రెండు, పదుమూడు మందియే విద్యార్థులు. ఇంగ్లండులో నొక్క గురువు వందలకొలది పిల్లలను నిర్వహించుటకు ఈ పద్ధతి యుపకరించెను. వ్యయము తగ్గుటయే అచట ప్రధాన ఫలము. పండ్రెండుగురు గల బడిలో నా యవసరము లేదు. చిన్నవానిచే దిద్దించుచు పెద్దవాడు తన పాఠమును గట్టిపఱచుకొనుటయే యిచటి ప్రయోజనమని యూహింపవచ్చును.

లోపమును గూడ కాంప్‌బెల్ దాచలేదు. పిల్లలు అర్థమెఱుగకయే పద్యములు వల్లించుచుండిరని వ్రాసెను. పెద్దవాడు తనకు తెలిసినదే యందింపగలడు. అర్థము తెలియని పాఠము ఎన్ని నోళ్లు మాఱినను అట్లే నిలుచును.

పరిశోధన శాఖలకు నిది హెచ్చరిక. ప్రతులు పోల్చుట, శాసనము చదువుట పూర్వ విద్యార్థి నూతనునకు నేర్పవచ్చును, ఇరువురికిని లాభమే. గురువు దృష్టి యందఱిపై నున్నంతవఱకే అది వీధిబడి సంప్రదాయము. గురువు లేని లోటు పూడ్చుటకే వినియోగించినచో, అది ఇంగ్లండు బడుల పొదుపు మాత్రమే.