అటెస్టేషన్ ఫారంలో పట్టని చరిత్ర

ప్రభుత్వ ఉద్యోగానికి సెలెక్ట్ అయినవాళ్ళు నింపే అటెస్టేషన్ ఫారం రెండు సంగతులు ఒకేసారి అడుగుతుంది. నీ గతం ఏమిటి? దాని గురించి నిజం చెప్తున్నావా? రెండోది మన చేతుల్లో ఉంటుంది. మొదటిది చాలాసార్లు ఉండదు, ముఖ్యంగా నల్లగొండ లాంటి జిల్లాలో పుట్టినవాళ్ళకి.

1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన నేల ఇది. ఆ రోజుల్లో ఊళ్ళకి ఊళ్ళే పోలీసు రికార్డుల్లోకి ఎక్కాయి. 1952 ఎన్నికల్లో అదే నల్లగొండ రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి పంపింది. తమాషా ఏమిటంటే, చట్టాలు చేసే సభకి వెళ్ళడానికి పోలీస్ వెరిఫికేషన్ లేదు, కానిస్టేబుల్ ఉద్యోగానికి ఉంది.

1949లో రైల్వేలో జాతీయ భద్రత నిబంధనలు వచ్చాయి. వాటి కింద ఉద్యోగాలు పోయిన పి. బాలకోటయ్య, మరికొందరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1957లో కోర్టు తేల్చింది ఇదీ: కమ్యూనిస్టుగా ఉండే స్వేచ్ఛ మీకుంది, సర్కారు కొలువులో కొనసాగే హక్కు మాత్రం లేదు.

పాతికేళ్ళ తర్వాత గాలి మారింది. మధ్యప్రదేశ్‌లో రామశంకర్ రఘువంశీ అనే టీచర్‌ని, ఒకప్పుడు ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడన్న పోలీసు రిపోర్టు చూసి తీసేశారు. 1983లో ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. పోలీసులని పంపి ఒక మనిషి రాజకీయ విశ్వాసాలు ఆరా తీయడమే ప్రాథమిక హక్కులకి విరుద్ధమన్నారాయన. ఆయన వామపక్ష అభిమాని అని పేరు. కాపాడింది మాత్రం అవతలి పక్షం మనిషిని. ఆ తీర్పు విలువ అక్కడే ఉంది.

తెలంగాణ ఉద్యమంలో ఈ ప్రశ్న మళ్ళీ ఇంటిదాకా వచ్చింది. 2009 డిసెంబర్ 9న చిదంబరం చేసిన ప్రకటనలో విద్యార్థుల మీద కేసులు ఎత్తేయాలన్న మాట కూడా ఉండటానికి కారణం ఉంది. నినాదం ఇచ్చిన కుర్రాడే రేపు ఫారం నింపాలి.

2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి కొంత దారి చూపించింది. చిన్న వయసులో నినాదాలు ఇవ్వడం లాంటి అల్ప విషయాన్ని దాచినా, అధికారి విచక్షణతో వదిలేయొచ్చు. ఫారంలో స్పష్టంగా అడగనిదాన్ని దాచారని అనకూడదు. కానీ ముగిసిపోయిన కేసు గురించి నిజమే చెప్పినా, ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. పూర్వాపరాలు చూసుకోవచ్చు.

చిక్కంతా ఈ చివరి మాటతోనే. అమెరికాలో 1954లో ఓపెన్‌హైమర్ క్లియరెన్స్ రద్దు చేసినప్పుడు విచారణ బోర్డు ఆయన్ని దేశభక్తుడే అంది, అయినా నమ్మలేమంది. పాత కమ్యూనిస్టు స్నేహాలూ, వాటి గురించి ఒకప్పుడు చెప్పిన అబద్ధమూ కలిపి తూచారు. 2022లో ఆ నిర్ణయాన్ని కొట్టేశారు. అప్పటికి ఆయన పోయి యాభై ఐదేళ్ళు.

అబద్ధానికి శిక్ష ఉండాలి, కాదనను. కానీ నిజం చెప్పినవాడికి కూడా అదే ఫలితం దక్కితే, ఫారం నిజాయితీని పరీక్షించడం లేదు. దాచిపెట్టడం నేర్పుతోంది.