అనుబంధ పరికరములు - కాపీరైటు చట్టము: రెండు తీర్పుల చరిత్ర

సైకిలు కొన్నవాడు బజారులో దొరికిన డైనమో దీపమును దానికి తగిలించుకొనును. "మా అనుమతి లేకుండ మా సైకిలును మార్చితివేమి?" అని సైకిలు కంపెనీ అతనిని అడుగదు. ఆ దీపమును తయారుచేసిన వానిపై వ్యాజ్యము వేయదు. కాని సైకిలుకు బదులు అది కంప్యూటరు ప్రోగ్రాము అయినచో? ఈ ప్రశ్న 1980, 1990 దశకములలో అమెరికా న్యాయస్థానముల యెదుటకు పలుమారులు వచ్చెను. అందులో విడియో ఆటలకు సంబంధించిన రెండు వ్యాజ్యములను ఇక్కడ పరిశీలింతము.

సైకిలుకు లేని చిక్కు ప్రోగ్రామునకు ఎట్లు వచ్చినది? చట్టము ప్రోగ్రామును పుస్తకమువలె ఒక రచనగా భావించును. రచనపై యజమానికి గల హక్కునే కాపీరైటు అందురు. రచనకు నకళ్లు తీయుట ఒక్కటే కాదు, దానినుండి మరియొక కృతిని పుట్టించుటకును యజమాని అనుమతి కావలెను. నవలను అనువదించుటకు, చలనచిత్రముగా తీయుటకు అనుమతి తీసికొనుట ఇందువలననే. ఇక ఒకరి ప్రోగ్రామునకు మరియొకరు అనుబంధమును చేర్చినచో, ఆ కలయిక మూలమునుండి పుట్టిన కొత్త కృతి యగునా? వివాదమంతయు ఇక్కడనే ఉన్నది.

గెలాక్సియన్ అను ఆటను వేగముగా నడిపించు సర్క్యూటు బోర్డులను ఆర్టిక్ అను సంస్థ ఆటశాలల యజమానులకు అమ్మెను. ఆట త్వరగా ముగిసినకొలది యంత్రములో పడు నాణెములు పెరుగును గదా! ఇది మిడ్వే కంపెనీ హక్కునకు భంగమని 1983లో ఒక అప్పీలు న్యాయస్థానము నిర్ణయించెను. ఆ తీర్పును బట్టి చూచినచో, అనుబంధములు చేయువారికి మేలు జరుగునని తోచదు.

గేమ్ జీనీ ఏమి చేయును?

నింటెండో యంత్రములో ఆడు ఆటలు కార్ట్రిడ్జి అను చిన్న ప్లాస్టిక్ పెట్టెలలో ఉండెడివి. యంత్రములోని ప్రాసెసరు తనకు కావలసిన సమాచారమును అందులోనుండి ఒక్కొక్క బైటుగా చదువుకొనును. బైటు అనగా ఎనిమిది బిట్లు. 0 మొదలు 255 వరకు ఏ సంఖ్యనైనను అది తెలుపగలదు. ఆట ఆరంభములో ఆటగానికి ఎన్ని ప్రాణములు ఇయ్యవలెనో తెలుపు బైటులో 3 ఉన్నదనుకొందము. బ్రిటనుకు చెందిన కోడ్‌మాస్టర్స్ సంస్థ కల్పించిన గేమ్ జీనీ అను పరికరమును కార్ట్రిడ్జికిని యంత్రమునకును నడుమ అమర్చవలెను. ఆటగాడు ఒక సంకేతమును ఎక్కించును. ప్రాసెసరు ఆ బైటును అడిగినపుడు గేమ్ జీనీ 3ను అడ్డగించి, దానికి బదులు 9 అందించును. ప్రాసెసరునకు ఈ మార్పు తెలియదు. కార్ట్రిడ్జిలోని 3 చెక్కుచెదరదు. కరెంటు తీసినచో 9 మాయమగును.

అమెరికాలో దీనిని అమ్మబూనినది గలూబ్ అను బొమ్మల కంపెనీ. నింటెండోతో వివాదము తప్పదని గ్రహించి, 1990 మే నెలలో గలూబే ముందుగా న్యాయస్థానమునకు పోయి, తన పరికరము ఎవరి హక్కునకును భంగము కాదని ప్రకటింపుమని కోరెను. కాని జూలైలో నింటెండో కోరికపై న్యాయస్థానము అమ్మకములను తాత్కాలికముగా ఆపివేసెను. ఒకవేళ ఈ ఉత్తరువు పొరపాటని తేలినచో గలూబు నష్టము తీర్చుటకు నింటెండో 1.5 కోట్ల డాలర్ల పూచీకత్తు ఇచ్చెను.

ఏడాది తరువాత, 1991 జూలైలో, న్యాయాధిపతి ఫెర్న్ స్మిత్ గలూబునకు అనుకూలముగా తీర్పు చెప్పెను. వెల చెల్లించి ఆటను కొన్నవాడు తన యింట దానిని కొత్త తీరున ఆడిచూచుకొనవచ్చునని ఆమె అభిప్రాయము. 1992 మే నెలలో అప్పీలు న్యాయస్థానము దీనిని స్థిరపరచెను. గేమ్ జీనీలో నింటెండో ఆట ఏ రూపమునను నిలిచియుండదు. కార్ట్రిడ్జి లేనిదే అది ఎందుకును కొరగాదు. కెలిడియోస్కోపును ఒకరు గీసిన బొమ్మవైపు త్రిప్పి చూచినంతమాత్రాన హక్కునకు భంగము కలుగునని అనలేము గదా అని న్యాయస్థానము ఉపమానము చెప్పెను. అక్షరదోషములను చూపు ప్రోగ్రాము సైతము మరియొకరి ప్రోగ్రాముతో కలిసి పనిచేయునదే. కలయికనే కొత్త కృతి యన్నచో ఇట్టి ఉపయోగకరమైన వస్తువులు అంగడికి రాలేవని కూడ హెచ్చరించెను. ఆగిపోయిన అమ్మకములకు పరిహారముగా గలూబునకు పూచీకత్తు మొత్తమంతయు చెందవలెనను నిర్ణయమును 1994లో అదే అప్పీలు న్యాయస్థానము ఆమోదించెను.

మూడు వందల రంగములు

ఇది చూచి, అనుబంధములన్నిటికిని ద్వారములు తెరచుకొన్నవని తలచినవారు లేకపోలేదు. 1996లో డ్యూక్ న్యూకెమ్ త్రీడీ అను ఆట వచ్చెను. దానిని ప్రచురించినది ఫార్మ్‌జెన్. ఆటతోపాటు, కొత్త రంగములను నిర్మించుకొను సాధనమును కూడ ఆటగాండ్రకు ఇచ్చిరి. కాని అట్లు నిర్మించినవానిని ఇతరులకు ఉచితముగానే పంచవలెనని షరతు ఉండెను. మైక్రోస్టార్ అను సంస్థ ఆటగాండ్రు నిర్మించిన 300 రంగములను సేకరించి, ఒక సీడీలో చేర్చి అమ్మెను.

మైక్రోస్టార్ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ సీడీలో ఉన్నవి 'మ్యాప్' ఫైళ్లు మాత్రమే. ఏ బొమ్మ ఎచ్చట ఉండవలెనో అవి చెప్పును. బొమ్మలు మాత్రము కొన్నవాని కంప్యూటరులో, ఫార్మ్‌జెన్ ఆటలోనే ఉండును. గేమ్ జీనీవలె ఇదియు అసలు ఆట లేనిదే పనిచేయదు. క్రింది న్యాయస్థానము ఈ వాదమును అంగీకరించెను కూడ.

గలూబు వ్యాజ్యమును తేల్చిన అప్పీలు న్యాయస్థానమే 1998లో దీనిని త్రోసిపుచ్చెను. తెరపై కనబడబోవు దృశ్యము మ్యాప్ ఫైలులో పూర్తిగా వ్రాసి ఉన్నది, అది శాశ్వత రూపమున నిలిచియున్నది అని న్యాయాధిపతి కొజిన్‌స్కీ వివరించెను. స్వరలిపి వ్రాసిన కాగితములో ధ్వని లేదు, అయినను అందులో పాట ఉన్నది. దీనిని అట్లే అర్థము చేసికొనవచ్చును. పైగా ఆ రంగములు డ్యూక్ అను పాత్ర కథకు కొనసాగింపులు. కథకు ఉత్తరభాగము వ్రాయు హక్కు దాని యజమానిదే.

గేమ్ జీనీలో మారినది కొన్ని బైట్లు, అదియు ఆడునంతసేపే. మైక్రోస్టార్ సీడీలో నిలిచినది ఇంకొకరి పాత్రతో అల్లిన కథ. ఒకే న్యాయస్థానము రెండు విధములుగా తీర్పు చెప్పుటకు కారణము పరికరములు పనిచేయు తీరులోనే ఉన్నది. బైటు ఎచ్చట మారినది, మారినది ఎచ్చట నిలిచినది అను సాంకేతిక ప్రశ్నకు సమాధానము తెలియనిదే న్యాయ ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఒక్క సంగతి మిగిలినది. ఆ 300 రంగములను శ్రమపడి నిర్మించిన ఆటగాండ్రు ఈ వ్యాజ్యములో వాదులును కారు, ప్రతివాదులును కారు. వారు ఉచితముగా పంచినదానిని ఒక కంపెనీ అమ్ముకొనెను. మరియొక కంపెనీ తన హక్కును నిలుపుకొనెను. వారి శ్రమకు హక్కుదారులెవరను ప్రశ్న న్యాయస్థానము ముందుకు రానేలేదు. ఈ తీర్పులు అమెరికా చట్టమునకు చెందినవి. అయినను కంప్యూటరు నేర్చి, ఇతరుల ప్రోగ్రాములకు అనుబంధములు వ్రాయబూను మన విద్యార్థులు, ఆ సాధనముతోపాటు వచ్చు షరతులను మొదట చదువుకొనుట మేలు.