ప్రభువు బల్ల మీది గిన్నె: ద్రాక్షారసము వెనుక ఉన్న చరిత్ర



యౌవనస్థుల కూడికల్లో ఒక ప్రశ్న తరచుగా వస్తుంది. "అయ్యగారూ, కానాలో ప్రభువు చేసింది మత్తెక్కే ద్రాక్షారసమేనా? అయితే తాగితే తప్పేమిటి?" పెద్దలు కొందరు వెంటనే "కాదు, అది ఉత్త పండ్ల రసమే" అని ఆ ప్రశ్నను అక్కడితో ఆపేస్తారు. అలా ఆపితే పిల్లలు నోరు మూసుకుంటారు గాని వారి సందేహం తీరదు. సత్యానికి మనం భయపడనక్కర లేదు కాబట్టి చరిత్ర ఏమి చెబుతుందో చూద్దాం.

ముందుగా మన భాషలో ఉన్న చిక్కు ఒకటి తెలుసుకోవాలి. "ద్రాక్షారసము" అనగానే తెలుగువారికి బత్తాయి రసంలాంటి తియ్యని పానీయమే మనసులో మెదులుతుంది. మూలభాషల్లో అలా కాదు. నోవహు తాగి మత్తుడైన దానికీ (ఆది 9:21), మెల్కీసెదెకు అబ్రాముకు తెచ్చిన దానికీ (ఆది 14:18) హెబ్రీలో ఒకే మాట, యయిన్. కానాలో నీళ్లు మారిన దానికీ, మత్తులు కావద్దని ఎఫెసీ 5:18లో పౌలు హెచ్చరించిన దానికీ గ్రీకులో ఒకే మాట, ఓయినోస్. రెండూ పులిసిన ద్రాక్షారసమునకు మామూలుగా వాడే మాటలే.

నోవహు ఓడ అరారాతు కొండల మీద నిలిచిందనీ, తరువాత ఆయన ద్రాక్షతోట వేశాడనీ మనం చదువుతాము. ఆశ్చర్యమేమంటే, పురావస్తు శాస్త్రజ్ఞులకు ద్రాక్షారసపు అతి పాత జాడలు దొరికింది కూడా ఆ ప్రాంతపు చుట్టుపక్కలే. జార్జియా దేశంలో సుమారు 8000 ఏళ్లనాటి మట్టికుండల్లో దాని ఆనవాళ్లు కనబడ్డాయి. ఆర్మేనియాలోని అరెని గుహలో సుమారు 6000 ఏళ్లనాటి తొట్టి, జాడీలు బయటపడ్డాయి. జార్జియావారు నేటికీ క్వెవ్రి అనే పెద్ద మట్టిజాడీలను మెడ వరకు నేలలో పాతిపెట్టి వాటిలోనే రసం పులియబెడతారు. 2013లో యునెస్కో ఆ పద్ధతిని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది. నాల్గవ శతాబ్దంలో ఆ దేశానికి సువార్త తెచ్చిన నీనో అనే సహోదరి ద్రాక్షకొమ్మలను తన తలవెంట్రుకలతో కట్టి సిలువ చేసిందని అక్కడి సంఘం తరతరాలుగా చెప్పుకుంటుంది.

ఇశ్రాయేలు దేశంలో ద్రాక్షగానుగ అంటే బండలో తొలిచిన తొట్టి. పైతొట్టిలో కాళ్లతో తొక్కితే రసం కిందితొట్టిలోకి జారేది. గిద్యోను మిద్యానీయులకు కనబడకుండా గోధుమలు దుళ్లగొట్టింది అలాంటి చోటే (న్యాయా 6:11). 1956 తరువాత గిబియోనులో ప్రిచర్డ్ అనే పండితుడు తవ్వకాలు జరిపించినప్పుడు బండలో తొలిచిన 63 నేలకొట్లు బయటపడ్డాయి. వాటిలో సుమారు 95,000 లీటర్ల ద్రాక్షారసం చల్లగా నిల్వ చేయగలిగేవారట. జాడీల పిడుల మీద ఊరిపేరు కూడా చెక్కి ఉంది. ధాన్యము, ద్రాక్షారసము, నూనె ఆ దేశపు రైతుకు దేవుడిచ్చిన ఆశీర్వాదాలు.

అది పులియక ఎందుకు ఉండేది కాదో మన పల్లెవారికి వేరే చెప్పనక్కర లేదు. తెల్లవారుజామున తియ్యగా ఉన్న తాటికల్లు మధ్యాహ్నానికి ఏమవుతుందో మీకు తెలుసు. ద్రాక్షపండ్ల తొక్క మీదా, తొక్కే తొట్టిలోనూ పులియబెట్టే సూక్ష్మజీవులు సహజంగానే ఉంటాయి. ద్రాక్షకోత ఎండాకాలపు చివర జరుగుతుంది, పస్కా పండుగ వసంతకాలంలో వస్తుంది. మధ్యలో ఆరు నెలలు. ఫ్రిజ్ లేని ఆ కాలంలో పచ్చి రసాన్ని అన్నాళ్లు అలాగే ఉంచడం సామాన్యులకు సాధ్యమయ్యేది కాదు. కొరింథు సంఘంలో కొందరు ప్రభువు భోజనం దగ్గరే మత్తులయ్యారని పౌలు బాధపడ్డాడు (1 కొరింథీ 11:21). పండ్ల రసంతో అలా జరగదు కదా.

అయితే నాటివారు దానిని నీళ్లు కలుపుకొని తాగడం మామూలు. క్రీ.శ. 150 ప్రాంతంలో జస్టిన్ అనే హతసాక్షి ఆదివారపు ఆరాధనను వర్ణిస్తూ, రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసము అందరికీ పంచేవారనీ, రాలేనివారి ఇళ్లకు పరిచారకులు తీసుకువెళ్లేవారనీ రాశాడు. "అందరికీ" అన్న ఆ మాటను గుర్తుంచుకోండి, తరువాతి చరిత్ర అంతా దాని చుట్టూనే తిరిగింది.

మధ్యయుగాల్లో పశ్చిమ దేశాల సంఘాల్లో గిన్నె మెల్లమెల్లగా సామాన్య విశ్వాసికి దూరమైంది. ఒక్క బొట్టు నేల రాలినా అపచారమని భయపడ్డారు. రొట్టెలోనే క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడు గనుక అది చాలునని బోధించారు. గిన్నె గురువుకే మిగిలింది. 1414లో ప్రాగ్ పట్టణంలో కొందరు బోధకులు మళ్లీ సామాన్యులకు గిన్నె అందించారు. 1415 జూన్‌లో కాన్‌స్టాన్స్ మహాసభ దానిని నిషేధించింది. అదే సభ తీర్పుతో జూలై 6న యాన్ హుస్ అనే దైవసేవకుణ్ణి సజీవంగా కాల్చేశారు. ఆయన అనుచరులు తమ జెండాల మీద గిన్నె బొమ్మ వేసుకున్నారు. ఎన్నో ఏళ్ల యుద్ధాల తరువాత, 1436లో బొహేమియా ప్రజలకు గిన్నె తీసుకునే అనుమతి దొరికింది. నూరేళ్ల తరువాత సంస్కర్తల వలన అది ప్రొటెస్టంటు సంఘాలన్నిటికీ తిరిగి వచ్చింది. మనం ఆదివారం చేతిలోకి తీసుకునే ఆ చిన్న గిన్నె కోసం ఒక జాతి జనం రక్తం కార్చారు.

ఇక మన గిన్నెలోకి పులియని రసం ఎలా వచ్చింది? 1860లలో ఫ్రాన్సులో లూయి పాశ్చర్ పులియడమంటే సూక్ష్మజీవుల పని అనీ, తగినంత వేడి చేస్తే వాటిని ఆపవచ్చనీ చూపించాడు. అమెరికాలో న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్ ఊరిలో థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. మెథడిస్టు విశ్వాసి. తాగుడు ఎన్నో కుటుంబాలను నాశనం చేస్తున్న రోజులవి. 1869లో ఆయన ద్రాక్షరసాన్ని సీసాల్లో పోసి, మూతలు బిగించి, వేడినీళ్లలో కాచాడు. రసం పులియలేదు. "పులియని ద్రాక్షారసము" అని పేరు పెట్టి సంఘాలకు అమ్మబోతే మొదట కొన్నవారు తక్కువ. కొన్నేళ్లకు ఆ పని మానేశాడు. కుమారుడు చార్లెస్ మళ్లీ మొదలుపెట్టాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన తరువాత అది దేశమంతా పాకింది.

లూథరన్, ఆంగ్లికన్, రోమన్ కాథలిక్ సంఘాల్లో అనేకం నేటికీ పులిసిన దానినే వాడుతాయి. కేరళలోని ప్రాచీన సిరియన్ క్రైస్తవులు ఎండుద్రాక్ష నానబెట్టి రసం తీసుకునేవారు. ఎవరినీ తీర్పు తీర్చడం మన పని కాదు. కాని మన సంఘంలో నల్లద్రాక్ష కాచి ఎందుకు పోస్తున్నామో మాత్రం తెలిసి ఉండాలి. బైబిలు కాలంలో మత్తు లేదు కాబట్టి కాదు. మన మధ్య తాగుడు మానిన సహోదరులు ఉన్నారు. వారిలో ఒకరికి ఒక్క గుక్క వాసన చాలు, పాత గొలుసు మళ్లీ లాగడానికి. ఆ ఒక్కరు బల్ల దగ్గరికి భయం లేకుండా రావాలి. బలహీనుడైన సహోదరుడు తొట్రిల్లేటట్లయితే ద్రాక్షారసము మానడమే మంచిదని పౌలు చెప్పింది ఇదే (రోమా 14:21).

మన నెల్లూరు జిల్లా దూబగుంట తల్లులు 1992లో సారా అంగడి మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వారిలో చాలామందికి ఈ చరిత్ర ఏదీ తెలియదు. కాని తాగుడు కంచంలో మెతుకు ఎలా లాక్కుంటుందో వారికి తెలుసు. కానా పేరు చెప్పి గ్లాసు ఎత్తే తమ్ముడు ఆ తల్లుల ముఖాలు ఒకసారి తలచుకోవాలి. కానాలో ప్రభువు ఒక ఇంటి పరువు కాపాడాడు. మనం తాగితే ఎవరి ఇంటి పరువు నిలుస్తుంది?

ప్రియులారా, గిన్నె ఎవరికీ దూరం కాకూడదని బొహేమియాలో ఒకరు పోరాడారు. ఆ గిన్నె ఎవరికీ ఉరి కాకూడదని వైన్‌ల్యాండ్‌లో మరొకరు రసం కాచారు. ఇద్దరి కోరికా ఒకటే, ప్రభువు బల్ల దగ్గర అందరికీ చోటుండాలని. వచ్చే ఆదివారం గిన్నె తీసుకునేటప్పుడు మీ పక్కన కూర్చున్న సహోదరుని కోసం ఒక్క క్షణం ప్రార్థించండి. గత నెల రానివారి ఇంటికి ఈ వారమే వెళ్లి పిలవండి.

ప్రభువు తన బల్ల దగ్గర మనలనందరినీ ఒకటిగా కూర్చుండబెట్టును గాక. ఆమేన్.